మీ 7 ఐరన్ నిజంగా ఎన్ని గజాలు పోతుంది? సొంత చెలకలో కొలుచుకునే పద్ధతి

పాలమూరు, నల్గొండ వైపు నుంచి హైదరాబాద్ వెళ్లి గోల్ఫ్ నేర్చుకుంటున్నవాళ్లు నన్ను ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఇది: "అన్నా, 7 ఐరన్ ఎంత దూరం పోవాలి?" ఐరన్లంటే బంతిని కొట్టే ఇనుప ముఖం క్లబ్బులు (గోల్ఫ్ కర్రలు), నంబరు పెరిగేకొద్దీ బంతి తక్కువ దూరం పోతుంది. ఎంత పోవాలో చెప్పే లెక్కలు బోలెడు దొరుకుతాయి. మీది ఎంత పోతోందో చెప్పేది మాత్రం మీరు కొలుచుకున్న లెక్క ఒక్కటే.

నేను చూసినంతలో అమెచ్యూర్ ఆటగాళ్లు గ్రీన్ (బంతి వేయాల్సిన రంధ్రం ఉండే నున్నటి గడ్డి చోటు) దాటేలా కొట్టడం అరుదు. ఎక్కువ బంతులు ముందే పడతాయి, బంకర్‌లోనో (ఇసుక గుంట) నీళ్లలోనో పోతాయి. కారణం చాలాసార్లు స్వింగు (క్లబ్బు తిప్పి కొట్టే తీరు) కాదు. ఎప్పుడో ఒకసారి బాగా తగిలిన షాటు దూరాన్నే తమ దూరం అనుకుని క్లబ్బు తీయడం. కింది పద్ధతితో మూడు పొద్దులు కష్టపడితే ఆ పొరపాటు పోతుంది.

1. ఏం కొలుస్తున్నామో ముందు తేల్చుకోండి

కొలవాల్సింది క్యారీ. బంతి గాల్లో ఎగిరి మొదటిసారి నేలను తాకిన చోటు దాకా ఉన్న దూరం అది. తర్వాత దొర్లేది రోల్. ఎండిన చెలకలో 7 ఐరన్ బంతి 130 గజాల దగ్గర పడి ఇంకో పాతిక గజాలు దొర్లిపోవచ్చు. నీళ్లు పెట్టిన గ్రీన్ మీద అదే బంతి నాలుగైదు గజాల్లో ఆగుతుంది. అందుకే ఐరన్ల విషయంలో రోల్‌ను లెక్కలోకి రానివ్వొద్దు.

గజం మనకు కొత్త కాదు. ప్లాట్లు కొనేటప్పుడు అనేవి చదరపు గజాలు, ఇక్కడ పొడవు గజాలు, అంతే తేడా. గజానికి 3 అడుగులు, అంటే 91.44 సెంటీమీటర్లు. క్రికెట్ పిచ్ 22 గజాలు కాబట్టి 132 గజాల షాటు అంటే ఆరు పిచ్‌లు వరుసగా పేర్చినంత. గుంట భూమి చదరంగా ఉంటే ఒక పక్క 11 గజాలు. కళ్లకు ఈ కొలతలు అలవాటైతే కోర్సులో అంచనా తేలికవుతుంది.

2. సెట్టు సంగతి చూడండి

క్లబ్బు మీద 7 అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని 7 ఐరన్లూ ఒకటి కావు. క్లబ్బు ముఖం ఎంత వెనక్కి వాలి ఉందో చెప్పేదే లోఫ్ట్. పాత సెట్లలో, బ్లేడ్‌లలో (పలచటి తల ఉన్న ఐరన్లు) 7 ఐరన్ లోఫ్ట్ 34–36 డిగ్రీలు ఉంటుంది. దూరం కోసం చేసిన ఈ మధ్య సెట్లలో 28–30 డిగ్రీలు కూడా ఉంటోంది. ఒక్క డిగ్రీకి సుమారు రెండు మూడు గజాలు మారతాయి. అంటే మీ పాత 7 ఐరన్‌ను పక్కవాడి కొత్త 7 ఐరన్‌తో పోల్చుకుని బాధపడాల్సిన పని లేదు. అతని 7 దాదాపు మీ 6, ఒక్కోసారి మీ 5 కూడా.

నేను మొదట వాడిన సెకండ్ హ్యాండ్ సెట్టును ఒక దుకాణంలో ఫుల్ సెట్ అని అమ్మారు. ఏడాది పాటు నా 8, 9 ఐరన్లు ఒకే దూరం పోతుంటే స్వింగులోనే ఏదో తప్పుందని మథనపడ్డాను. లోఫ్ట్ కొలిపిస్తే తెలిసింది, ఆ 9 వేరే సెట్టుది, దాని లోఫ్ట్ నా 8 కన్నా ఒక్క డిగ్రీ మాత్రమే ఎక్కువ. సెకండ్ హ్యాండ్ సెట్టు కొన్నవాళ్లు కొలతలకు దిగే ముందు క్లబ్ ఫిట్టింగ్ చేసేవాళ్ల దగ్గర ఒకసారి లోఫ్ట్‌లు చూపించుకోండి. పక్కపక్క నంబర్ల మధ్య మూడు నుంచి ఐదు డిగ్రీల తేడా ఉండాలి.

3. స్థలం, కాలం

రేంజిలో (బంతులు కొట్టి సాధన చేసే మైదానం) కొలవచ్చు కదా అంటారు. కొలవచ్చు, కానీ రెండు చిక్కులున్నాయి. రేంజి బంతులు అరిగిపోయి మామూలు బంతి కన్నా తక్కువ దూరం పోతాయి. పైగా మ్యాట్ మీద క్లబ్బు బంతికి ముందే నేలను తాకినా జారుకుంటూ వెళ్లి బంతిని బాగానే లేపుతుంది, తప్పు బయటపడదు. సిమ్యులేటర్ (తెర మీదికి కొడితే దూరం లెక్కగట్టే యంత్రం) వాడితే బంతి రకం, సముద్ర మట్టం నుంచి ఎత్తు, ఉష్ణోగ్రత ఏం పెట్టారో ముందు అడగండి.

నాకు నచ్చిన చోటు పల్లికాయ పీకిన ఎర్ర చెలక. యాసంగి పల్లి తీశాక నేల ఖాళీగా, చదునుగా ఉంటుంది. ఎకరం చదరంగా ఉంటే ఒక పక్క సుమారు 70 గజాలు, కాబట్టి వరుసగా మూడెకరాల పొడవు ఉంటే 210 గజాలు వస్తాయి. ఎక్కువమందికి అది చాలు. 5 ఐరన్ 170 దాటేవాళ్లకు నాలుగెకరాల పొడవు కావాలి.

చెలక మీద నాకు ఇష్టం ఎందుకంటే, బంతి ఎక్కడ పడిందో ఆ నేలే చెబుతుంది. పొద్దున్నే గాలి లేనప్పుడు బంతి దిగిన చోట చిటికెడు కారం చల్లినట్టు ఎర్రటి దుమ్ము లేచి ఒక క్షణం అక్కడే నిలుస్తుంది. బంతి దొర్లిపోయినా ఆ దుమ్ము లేచిన చోట చిన్న గుంట మిగులుతుంది, రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దది. అదే మీ క్యారీ. పచ్చగడ్డి రేంజిలో వంద గజాల అవతల ఇంత స్పష్టంగా కనిపించదు.

టైం పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర. తొమ్మిది దాటితే గాలి మొదలవుతుంది, ఒళ్లూ అలసిపోతుంది.

భద్రత విషయంలో రాజీ వద్దు. గోల్ఫ్ బంతి బరువు సుమారు 46 గ్రాములు, రాయిలా గట్టిగా ఉంటుంది. తలకు తగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

- చెలక మనది కాకపోతే యజమానిని అడగాలి. పక్క చెలక వాళ్లకూ ముందే చెప్పాలి.
- కొట్టే దిశలో, రెండు పక్కలా 50 గజాల లోపు దారి, ఇల్లు, కరెంటు స్తంభం, బోరు స్టార్టర్ డబ్బా ఉండకూడదు.
- మేకలు, గొర్లు కాసేవాళ్లు కనిపిస్తే వాళ్లు దాటిపోయే దాకా ఆగాలి.
- బంతి పొదలో పడితే చెయ్యి పెట్టొద్దు, కర్రతో కదిలించాలి. బూట్లు లేకుండా దిగొద్దు.

4. ముందు రోజు సిద్ధం చేసుకోవాల్సినవి

- ఒకే కంపెనీ, ఒకే మోడల్ బంతులు 24. మార్కర్‌తో 1 నుంచి 24 దాకా నంబర్లు వేయండి.
- 100 అడుగుల టేపు, పొడవాటి సుతిలి తాడు.
- ముగ్గు పిండి ఐదారు కిలోలు.
- పది పుల్లలు, వాటికి కట్టడానికి పాత చీర పీలికలు. ఎరుపు వద్దు, ఎర్ర నేలలో కనపడదు.
- మందపాటి కృత్రిమ గడ్డి ముక్క. చెలకలో రాళ్లుంటాయి, నేరుగా కొడితే క్లబ్బూ మణికట్టూ రెండూ దెబ్బతింటాయి.
- టాల్కం పౌడర్ డబ్బా, తడి గుడ్డ, పొడి తువ్వాలు.
- నోటుపుస్తకం, పెన్ను, నీళ్లు లేదా మజ్జిగ.
- నమ్మకమైన మనిషి ఒకరు, అతనికి ఫోన్.

5. గీతలు వేయడం

సాయంత్రం పూటే గీతలు వేసి పెట్టుకోండి, పొద్దున టైం వృథా కాదు.

కొట్టే చోట గడ్డి ముక్క పరిచి, అక్కడి నుంచి దూరంగా ఏదైనా చెట్టును గురిగా పెట్టుకోండి. ఆ దిశలో సుతిలి తిన్నగా లాగండి. టేపులో 30 అడుగులకు 10 గజాలు అని లెక్క. 60 గజాల దగ్గర మొదలుపెట్టి 180 దాకా ప్రతి 10 గజాలకు ఒక అడ్డగీత వేయండి. ఒక్కో గీత అడ్డంగా ముప్ఫై గజాల పొడవైనా ఉండాలి, మన షాట్లన్నీ తిన్నగా పోవు. 80 నుంచి 170 దాకా గీతల చివర పుల్ల పాతి పీలిక కట్టండి.

టేపు పదిసార్లు మార్చి పెట్టేటప్పుడు తప్పు చేరుతుంది. అంతా అయ్యాక ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిచి, కొట్టే చోటు నుంచి చివరి పుల్ల దాకా దూరం కొలిచి సరిచూడండి. రెండు మూడు గజాల తేడా పర్వాలేదు. పది తేడా వస్తే ఎక్కడో టేపు తప్పారు, మళ్లీ వేయండి.

సాయం వచ్చిన మనిషి గీతల మధ్య నిలబడకూడదు. పక్కకు, ట్రాక్టరు ట్రాలీ వెనకో లావుపాటి వేప చెట్టు వెనకో ఉండాలి. నాలుగు బంతులు అయ్యాక మీరు క్లబ్బు కింద పెట్టేసి ఫోన్‌లో చెబితేనే అతను లోపలికి రావాలి. దుమ్ము లేచిన గుంట దగ్గరికి వెళ్లి, దగ్గరి గీత నుంచి అడుగులు వేసి కొలిచి దూరం చెప్పి, ఆ గుంటను కాలితో పూడ్చేయాలి.

6. కొట్టే క్రమం

అన్ని క్లబ్బులూ ఒకే రోజు కొలవాలని చూడకండి. అరవై బంతులు దాటాక స్వింగు పలచబడుతుంది, ఆ అంకెలు పనికిరావు.

- మొదటి పొద్దు: పిచింగ్ వెడ్జ్ (9 కన్నా తక్కువ దూరం పోయే క్లబ్బు), 9, 8.
- రెండో పొద్దు: 7, 6.
- మూడో పొద్దు: 5, ఉంటే 4.

పదిహేను బంతులు మెల్లగా కొట్టి ఒళ్లు వేడెక్కించుకోండి. అవి రాయొద్దు. తర్వాత ఒక్కో క్లబ్బుతో పన్నెండు బంతులు లెక్కలోకి రావాలి. కానీ పన్నెండూ వరుసగా కొట్టొద్దు. ఒకే క్లబ్బుతో వరుసగా కొడుతుంటే చెయ్యి అలవాటు పడి ఆరో బంతి నుంచి బాగా తగులుతుంది. కోర్సులో ఆ అవకాశం ఎవరిస్తారు? అందుకని నాలుగు 9, నాలుగు 8, నాలుగు వెడ్జ్, మళ్లీ మొదటి నుంచి. ప్రతి బంతికీ వెనక్కి వచ్చి గురి చూసుకుని నిలబడండి.

కొలుస్తున్నారు అనగానే అందరికీ ఒక టెన్షన్ వస్తుంది, బలమంతా పెట్టేస్తారు. దానికి మందు ఒకటుంది. స్వింగు పూర్తయ్యాక అదే భంగిమలో మూడు లెక్కపెట్టే దాకా కదలకుండా నిలబడాలి. తూలిపోతే మీరు కోర్సులో వాడే స్వింగు కన్నా గట్టిగా కొట్టారన్నమాట.

టాప్ అయి (క్లబ్బు బంతి పైభాగానికి తగిలి) నేల మీద పాకిన బంతినీ రాయండి. బాగాలేదని లెక్కలోంచి తీసేసి మళ్లీ కొట్టొద్దు.

7. లెక్క తీయడం

సంక్రాంతి తర్వాత మా బావమరిది దేవరకద్ర వైపు చెలకలో 7 ఐరన్‌తో కొట్టిన పన్నెండు క్యారీలు ఇవి, కొట్టిన వరుసలో: 131, 118, 136, 134, 92, 139, 128, 133, 147, 135, 126, 130.

చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చితే: 92, 118, 126, 128, 130, 131, 133, 134, 135, 136, 139, 147.

మధ్యలో ఉన్న రెండు 131, 133. వాటి సగం 132. అదే అతని 7 ఐరన్ అంకె. కింది రెండు, పై రెండు పక్కన పెడితే మిగిలిన ఎనిమిది 126 నుంచి 136 మధ్య ఉన్నాయి. ఆ పది గజాల పట్టీ అతని మామూలు షాటు.

అంతకుముందు అతన్ని అడిగితే తన 7 ఐరన్ 145 అని చెప్పేవాడు. ఆ 147 అబద్ధం కాదు, నిజంగానే కొట్టాడు. పన్నెండులో ఒక్కసారి. మిగతా పదకొండుసార్లు 145 లెక్కన క్లబ్బు తీస్తే బంతి ముందే పడుతుంది. సగటు తీయకుండా మధ్య అంకె ఎందుకంటే, 92 లాంటి ఒక్క చెడ్డ షాటు సగటును 129కి లాగేస్తుంది, మధ్య అంకెను కదిలించలేదు.

ప్రతి క్లబ్బుకూ మూడు అంకెలు రాసుకోండి: పట్టీ కింది అంచు, మధ్య, పై అంచు.

8. మీ అంకె ఎక్కడ నిలుస్తుంది

ఇవి క్యారీ గజాలు, ఉజ్జాయింపు మాత్రమే. లోఫ్ట్‌ను బట్టి అటూ ఇటూ అవుతాయి.

కొత్తవాళ్లు, నెమ్మది స్వింగు ఉన్న పెద్దవాళ్లు, చాలామంది మహిళా ఆటగాళ్లు: పిచింగ్ వెడ్జ్ 65–85, 9 ఐరన్ 75–95, 7 ఐరన్ 95–115, 5 ఐరన్ 105–125.

వారం వారం ఆడే మధ్యస్థ ఆటగాళ్లు, హ్యాండిక్యాప్ (ఆట స్థాయి చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచి ఆటగాడు) 15–25: పిచింగ్ వెడ్జ్ 95–110, 9 ఐరన్ 105–122, 7 ఐరన్ 125–145, 5 ఐరన్ 140–160.

సింగిల్ హ్యాండిక్యాప్ (ఒక్క అంకె) వాళ్లు: పిచింగ్ వెడ్జ్ 112–128, 9 ఐరన్ 125–140, 7 ఐరన్ 150–165, 5 ఐరన్ 170–185.

టీవీలో చూసే అంకెలతో పోల్చుకునేవాళ్లకు ఒక మాట. ట్రాక్‌మ్యాన్ రాడార్ కొలతల్లో చాలా ఏళ్లుగా చెప్పుకునే టూర్ (వృత్తి ఆటగాళ్ల పోటీల) సగటులు ఇవి: 7 ఐరన్ క్యారీ పీజీఏ టూర్ పురుషులకు 172 గజాలు, ఎల్‌పీజీఏ టూర్ మహిళలకు 141. క్లబ్బు వేగం గంటకు 90 మైళ్లు, 76 మైళ్లు. మనలో ఎక్కువమంది పురుషుల వేగం ఆ రెండో అంకెకు దగ్గర. అంటే ప్రపంచంలో అత్యుత్తమంగా ఆడే మహిళలు 141 కొట్టి గెలుస్తున్నారు. 132 వచ్చిందని సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

9. అంకెల్లో కనిపించే తప్పులు, వాటికి సవరణలు

పక్కపక్క క్లబ్బులు ఒకే దూరం పోతున్నాయి. పొట్టి ఐరన్లలో (8, 9, వెడ్జ్) ఇలా జరిగితే లోఫ్ట్ చూపించండి. 4, 5 ఐరన్లలో జరిగితే ఎక్కువగా స్వింగు వేగం చాలకపోవడమే. బంతిని పైకి లేపేంత వేగం లేనప్పుడు లోఫ్ట్ తగ్గినా దూరం పెరగదు. పంతానికి పోకండి. ఆ క్లబ్బు తీసేసి హైబ్రిడ్ (బంతిని తేలిగ్గా పైకి లేపే లావు తల క్లబ్బు) పెట్టుకోండి.

పట్టీ చాలా వెడల్పుగా ఉంది, ఇరవై గజాలు దాటింది. బంతి ముఖం మధ్యలో తగలడం లేదు. క్లబ్బు ముఖం తడి గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, పౌడర్ పలచగా రాయండి. ఒక్క షాటు కొట్టగానే తెల్లటి పౌడర్‌లో బంతి చుక్కలతో సహా గుండ్రటి ముద్ర పడుతుంది. ఐదు షాట్ల ముద్రలు విడివిడిగా చూడండి. అన్నీ మడమ వైపు (క్లబ్బు ముఖం కర్రతో కలిసే చివర) ఉంటే బంతికి దగ్గరగా నిలబడుతున్నారు, లేదా కిందికి వచ్చేటప్పుడు ముందుకు తూలుతున్నారు. కొన వైపు ఉంటే దూరంగా నిలబడుతున్నారేమో చూడండి, అరచేతి వెడల్పు కూడా వద్దు, రెండు వేళ్లంత జరిగి మళ్లీ కొట్టండి. ముద్రలు నాలుగు దిక్కులా ఉంటే దూరం సంగతి పక్కన పెట్టి, సగం స్వింగుతో మధ్యలో తగిలించడం వారం పాటు సాధన చేయండి. నా అనుభవంలో దూరం పెంచే సాధన ఇంతకు మించి లేదు.

అన్ని క్లబ్బులూ ఎత్తుగా లేచి తక్కువ పోతున్నాయి. బంతిని తవ్వి పైకి లేపాలని మణికట్టు విదిలిస్తున్నారు. రాళ్లు లేని మెత్తటి చోట ముగ్గుతో అడ్డంగా ఒక గీత వేసి, బంతి లేకుండా ఆ గీత మీద స్వింగు చేయండి. మట్టి గీకిన గుర్తు గీత దగ్గరో, గీత దాటి గురి వైపునో మొదలవ్వాలి. గీతకు వెనక మొదలైతే బరువు వెనక కాలి మీదే ఉండిపోయింది. బరువు ముందు కాలి మీద పెట్టుకుని పది స్వింగులు చేసి, మళ్లీ గుర్తు చూడండి.

మొదటి ఆరు బాగున్నాయి, తర్వాతివి తగ్గాయి. అలసట, లేదా చెమటకు గ్రిప్పు జారడం. ప్రతి నాలుగు బంతులకూ చేతులు, గ్రిప్పు తుడవండి. గ్రిప్పు గట్టిపడి మెరుస్తుంటే మార్పించండి.

10. ఎండ, ఎత్తు, గాలి

నల్గొండ సముద్ర మట్టానికి సుమారు 420 మీటర్లు, మహబూబ్‌నగర్ సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. తీరప్రాంతం కన్నా ఇక్కడ బంతి ఒకటిన్నర నుంచి రెండు శాతం ఎక్కువ పోతుంది. 140 గజాలకు రెండు మూడు గజాలు. ఇక్కడ కొలిచి హైదరాబాద్‌లో ఆడితే సవరణ అక్కర్లేదు, చెన్నైలోనో విశాఖలోనో ఆడితే ఆ రెండు మూడు గజాలు తగ్గించుకోండి.

ఎండాకాలం మధ్యాహ్నానికీ చలికాలం పొద్దుటికీ మధ్య 25 డిగ్రీల తేడా ఉంటే 140–150 గజాల షాటులో నాలుగైదు గజాలు మారతాయి. దాదాపు సగం క్లబ్బు, అంటే పక్కపక్క నంబర్ల దూరాల మధ్య తేడాలో సగం.

గాలిది పెద్ద లెక్క. గంటకు 15 కిలోమీటర్ల ఎదురు గాలి ఉంటే సుమారు పది శాతం తగ్గుతుంది, అంటే 130 షాటుకు 13 గజాలు, ఒక క్లబ్బు పైనే. అదే గాలి వెనక నుంచి వస్తే కలిసొచ్చేది అందులో సగమే. ఆషాఢం గాలిలో మాత్రం కొలతలకు దిగకండి. ఆ నెలలో వచ్చిన అంకెలు ఏవీ నమ్మొద్దు.

ఎత్తుపల్లాలకు మోటు లెక్క: గ్రీన్ మీకన్నా గజం ఎత్తులో ఉంటే ఒక గజం కలుపుకోండి, పల్లంలో ఉంటే తీసేయండి.

11. కోర్సులో వాడటం

గోల్కొండ నయా ఖిలా దగ్గరి కోర్సుకు వెళ్లినా, గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్‌కు వెళ్లినా, మొదట క్యాడీని (బ్యాగు మోసే సహాయకుడు) రెండు విషయాలు అడగండి. దూరం చెప్పే గుర్తులు గజాలా మీటర్లా? గ్రీన్ మధ్యకా, ముందు అంచుకా? 150 మీటర్లంటే 164 గజాలు. ఇది తెలియక ఒక క్లబ్బు తక్కువ తీసినవాళ్లను చూశాను.

ఒక ఉదాహరణ. పిన్ (గ్రీన్ మీద రంధ్రంలో ఉండే జెండా కర్ర) 138 గజాల్లో ఉంది, ముందు బంకర్ దాటాలంటే 130 క్యారీ కావాలి, గ్రీన్ వెనక అంచు 152. మా బావమరిది 7 ఐరన్ పట్టీ 126–136, మధ్య 132. మధ్య అంకె బంకర్ దాటుతుంది కాబట్టి 7 చాలనిపిస్తుంది. కింది అంచు చూడండి, 126. మామూలుగా తగిలిన షాట్లు కూడా కొన్ని ఇసుకలో పడతాయి. అతని 6 ఐరన్ పట్టీ 135–147. కింది అంచు బంకర్ దాటుతుంది, పై అంచు గ్రీన్ లోపలే ఉంది. తీయాల్సింది 6.

ఇదే క్రమం ప్రతిసారీ పాటించండి:

- ముందు అడ్డు దాటడానికి ఎంత క్యారీ కావాలి?
- నా పట్టీ కింది అంచు దాన్ని దాటుతుందా?
- పై అంచు గ్రీన్ వెనక దాటిపోదు కదా?
- గాలి, ఎత్తు సవరణ వేశానా?

అంకెలు చిన్న కార్డు మీద రాసి, పైన కొలిచిన తేదీ వేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి బ్యాగుకు కట్టండి. సెట్టు మార్చినా, బంతి మోడల్ మార్చినా, నడుం నొప్పితో రెండు మూడు నెలలు ఆట మానేసి మళ్లీ మొదలుపెట్టినా ఆ కార్డు చెల్లదు. అలాంటిదేమీ జరగకపోయినా ఏడాదికోసారి, పల్లికాయ పీకి చెలక ఖాళీ అయ్యాక, 7 ఐరన్ ఒక్కదానితో పన్నెండు బంతులు కొట్టి చూడండి. మధ్య అంకె ఐదు గజాల కన్నా ఎక్కువ మారితే మిగతావన్నీ మళ్లీ కొలవాలి. మారకపోతే కార్డు మీద తేదీ ఒక్కటి మారిస్తే చాలు.